ఓణీ కొంగు ముడి, చైనా ఉత్తరాలు

మీరేం ఉద్యోగం చేశారని ఎవరైనా అడిగితే, బాపట్ల దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్లు ఇంగ్లీషు చెప్పానని చెప్పి ఊరుకుంటాను. అది నిజమే, కానీ పూర్తి నిజం కాదు. కరోనాలో ఆ కాలేజీ మూతబడ్డాక తెనాలిలో ఇంకో చోట కొంతకాలం పనిచేశాను. అమెరికా పిల్లల్ని చైనా విశ్వవిద్యాలయాలకు వెళ్లి చదువుకోమని ప్రోత్సహించడం అక్కడ నా పని. నవ్వుకోండి, పరవాలేదు. మా మరిది ఇప్పటికీ నవ్వుతాడు. "అమెరికా వాళ్లెవరు, చైనా వాళ్లెవరు, మధ్యలో తెనాలి బోసు రోడ్డులో నువ్వెవరు భాభీ?" అంటాడు.

ఇప్పుడు మన ఊళ్లలో చాలామంది పిల్లలు ఇలాంటి కొలువుల్లోనే చేరుతున్నారు. ఎక్కడో ఉన్నవాళ్లకు ఇంకెక్కడో ఉన్నవాళ్ల పేరుతో ఇక్కడ కూర్చుని జవాబులు రాస్తున్నారు. వాళ్ల కోసం ఈ సంగతి రాస్తున్నాను. నమ్మమని అడగను. నేనే పూర్తిగా నమ్మను. పగటిపూట అసలే నమ్మను.

మా ఆఫీసు ఒక బట్టల కొట్టు మీద రెండో అంతస్తులో ఉండేది. ఎనిమిది కంప్యూటర్లు, ఎనిమిది మంది మనుషులం, పనిచేయని ఏసీ ఒకటి. చైనా విశ్వవిద్యాలయాలకు విదేశీ విద్యార్థుల్ని చేర్పించే ఏజెంట్ల నుంచి మాకు పని వచ్చేది. అమెరికాలో ఎవరైనా పిల్ల ఆ ఏజెంట్ల వెబ్‌సైటు చూసి, చైనాలో ఒక ఏడాది చదివితే ఎలా ఉంటుందని అడిగితే, 'ప్రస్తుతం అక్కడ చదువుతున్న మీ దేశపు సీనియర్ మీకు జవాబిస్తుంది' అని రాసి ఉండేది. నిజానికి కరోనా తర్వాత అక్కడ అమెరికా పిల్లలు దాదాపు లేరు. సీనియర్ దొరకలేదు. దొరకని సీనియర్‌ని మేమే తయారుచేశాం. ఉదయం ఐదున్నరకు డ్యూటీ, వాళ్లకు అది సాయంత్రం. మధ్యాహ్నం ఒంటిగంటకల్లా నేను ఇంట్లో ఉండేదాన్ని.

మా టీమ్ లీడరు ముప్ఫై ఏళ్లు నిండని కుర్రాడు. మంచివాడే. చేరిన వారంలోనే నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు.

"మేడమ్, మీరు పెద్దవారు, ఇంగ్లీషు చెప్పినవారు. ఉన్నవాళ్లు కాక ఇంకో సీనియర్ పిల్ల కావాలి, ఆ పిల్ల జాతకం మీరే రాయాలండి" అన్నాడు.

"జాతకమేంటయ్యా?"

"అంటే ఆ పిల్ల ఏం తింటది, దేనికి నవ్వుద్ది, దేనికి ఏడుస్తది, ఎలా కూర్చుంటది, అన్నీ అండి. అందరం ఆ పిల్ల పేరుతోనే రాయాలి కదా. జాతకం లేకపోతే ఒకళ్లు శాకాహారి అని రాస్తారు, ఇంకొకళ్లు చికెన్ తిన్నా అని రాస్తారు. దొరికిపోతామండి."

నాకు తప్పులు దిద్దడం వచ్చు గానీ మనుషుల్ని పుట్టించడం రాదు. మూడు రోజులు తెల్లకాగితం ముందు కూర్చుని వచ్చాను. నాలుగో రోజు తెల్లవారుజామున డ్యూటీకి వెళుతూ కాలవ వంతెన దాటుతున్నాను. మంచు బాగా పట్టి ఉంది, నీళ్లు కనిపించడం లేదు. వంతెన అవతల ఎవరో వేరుశెనక్కాయలు ఒలుస్తున్న చప్పుడు వినిపించింది. దగ్గరికి వెళితే ఎవరూ లేరు. అప్పుడు నాకు ఆమె గుర్తొచ్చింది.

ఆమె సంగతి ఇక్కడే చెప్పేస్తాను. నలభై ఏళ్ల కిందట బాపట్లలో నేను డిగ్రీ చదివేటప్పుడు హాస్టల్లో నా గదిలో ఉండేది. రేపల్లె దగ్గర నగరం అనే ఊరుంది, దాని పక్కన పల్లెటూరు ఆమెది, వ్యవసాయం చేసుకునే కుటుంబం. నేను తెనాలిలో దర్జీ కూతుర్ని. మా ఇద్దరికీ ఎలా కుదిరిందో తెలియదు గానీ, మొదటి నెలలోనే ఒక కంచంలో తినేవాళ్లం. ఆమె కుర్చీలో కూర్చుంటే ఒక కాలు పైకి మడుచుకుని కూర్చునేది. చదువుతూ ఒంటిచేత్తో వేరుశెనక్కాయలు ఒలిచేది. నవ్వు వచ్చే మాట చెప్పబోయే ముందే నవ్వేసేది, అందువల్ల ఆ మాట మాకు ఎప్పుడూ సరిగ్గా వినపడేది కాదు. మాది మూడో అంతస్తులో చివరి గది. కిటికీ కింద కాలవ ఉండేది.

ఆమెకు మరుపు ఎక్కువ. ఏదైనా గుర్తుంచుకోవాలంటే ఓణీ కొంగుకు ముడి వేసుకునేది. అది మన ఆడవాళ్లందరికీ ఉన్న అలవాటే. ఆమె ఇంకో అడుగు ముందుకు వేసి, మనం మరిచిపోకూడనిది ఉంటే మన ఓణీకి కూడా తనే ముడి వేసేది. మూడో ఏడు చివర్లో ఆమెకు జ్వరం పట్టుకుంది. కళ్లు పచ్చబడ్డాయి. కామెర్లన్నారు. వాళ్ల అన్నయ్య వచ్చి తీసుకెళ్లాడు. రేపల్లె బస్సు ఎక్కే ముందు ఆమె నా ఆకుపచ్చ ఓణీ కొంగు పట్టుకుని గట్టిగా ముడి వేసింది.

"జాబు రాయవే. రాసిన రోజే దీన్ని విప్పు. ముందే విప్పావంటే ఊరుకోను" అంది.

నేను రాయలేదు. మొదటి వారం పరీక్షలు. రెండో వారం బద్ధకం. ఆ తర్వాత, ఇన్నాళ్లూ రాయనిది ఇప్పుడు ఏ మొహంతో రాయాలన్న సిగ్గు. ఆమె దగ్గర నుంచి రెండు కార్డులు వచ్చాయి. రెండో దాంట్లో ఒక్కటే వాక్యం: 'నీ జాబు కోసం చూస్తున్నాను.' అది చూశాక ఇంకా సిగ్గేసింది. నెల తిరిగేసరికి వాళ్ల అన్నయ్య హాస్టల్‌కి వచ్చి ఆమె పెట్టె తీసుకెళ్లాడు. గుమ్మం దగ్గర నిలబడి నాతో అన్నాడు. "మా చెల్లి పోయిందమ్మా. రోజూ పోస్టాయన వచ్చే వేళకి అరుగు మీదకొచ్చి కూర్చునేది. పడుకోవే అంటే వినేది కాదు. చివరి రోజు కూడా మోసుకొచ్చి కూర్చోబెట్టాం."

ఆ ఓణీ నేను మళ్లీ వేసుకోలేదు. ముడి విప్పలేదు. పెళ్లయి అత్తవారింటికి వెళుతున్నప్పుడు పెట్టె అడుగున పెట్టుకుని వెళ్లాను. మా నాన్న దర్జీ కదా, ఒకసారి చూసి, ముడి అలా వదిలేస్తే గుడ్డ ఆ మేర చివికిపోతుందని విప్పబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను. ఎందుకని అడిగితే చెప్పలేదు. మా ఆయనకూ చెప్పలేదు. ఆమె పేరు కూడా ఆ రోజు నుంచి నోటితో పలకలేదు.

సరే, ఆ తెల్లవారుజామున ఆఫీసుకు వెళ్లి అరగంటలో జాతకం రాసిచ్చేశాను. పేరు అమెరికా పేరు, ఊరు అమెరికా ఊరు. మిగతాదంతా ఆమెదే. మడిచిన కాలు, వేరుశెనక్కాయలు, ముందే వచ్చే నవ్వు, మూడో అంతస్తులో చివరి గది, కిటికీ కింద కాలవ. ముడి సంగతి ఒక్కటి రాయలేదు. అది రాయడానికి చెయ్యి రాలేదు.

"అమెరికా పిల్ల వేరుశెనక్కాయలు ఒలవడమేంటండి?" అన్నాడు టీమ్ లీడరు.

"అక్కడా పండుతాయి నాయనా" అన్నాను.

నా పక్క కుర్చీలో కొల్లిపర నుంచి మొదటి బస్సుకు వచ్చే అమ్మాయి ఉండేది. ఇద్దరు పిల్లల తల్లి, దేనికీ బెదిరే మనిషి కాదు. ఉత్తరాలు వెళ్లడం మొదలయ్యాక ఆమె ఒకరోజు నాతో అంది. "మేడమ్, మిగతా జాతకాలతో రాస్తే అబద్ధం రాస్తున్నట్టే ఉంటుందండి. ఈ పిల్ల పేరుతో రాస్తుంటే మాత్రం ఎవరో చెప్తుంటే రాస్తున్నట్టుంది." నేను మెచ్చుకోలు అనుకుని మురిసిపోయాను. జవాబులు కూడా ఆ పేరుకే ఎక్కువ వచ్చేవి. నలభై ఏళ్ల కిందట ఒక్క జాబు రాయని చెయ్యి ఇప్పుడు రోజుకు పది రాస్తోంది. అందులో ఉన్న వెటకారం నాకు అప్పుడు తట్టలేదు. నిజం చెప్పాలంటే తట్టింది, తట్టనట్టు ఉన్నాను.

అలా రాసినవాళ్లలో ఒక పిల్ల ఉంది. అమెరికాలో మొక్కజొన్న పండే ఒక చిన్న ఊరు ఆమెది. ఇరవై ఏళ్లుంటాయి. చైనా భాష నేర్చుకోవాలని కోరిక. తల్లి వద్దంటే వద్దని కూర్చుంది. ఆ పిల్ల మాకు రాసే ఉత్తరాల్లో చదువు గురించి తక్కువ, ఒంటరితనం గురించి ఎక్కువ ఉండేది. నేనే జవాబులు రాసేదాన్ని. భయపడకు చెల్లీ, నేనున్నానుగా, ఇద్దరం కాలవ చూస్తూ కూర్చుందాం అని రాశాను. ఆరు నెలలు అలా రాశాక, ఒకరోజు తల్లితో గొడవపడి అడ్మిషన్ తీసుకుంది. 'మీరక్కడ ఉన్నారన్న ధైర్యంతో వెళుతున్నాను' అని రాసింది. టీమ్ లీడరు అందరికీ పాలకోవా పంచాడు. నా వంతు నేను కాగితంలో చుట్టి సంచిలో వేసుకున్నాను గానీ తినలేదు.

వెళ్లిన మర్నాడే అక్కడి నుంచి రాసింది. 'మీరు చెప్పినట్టే మూడో అంతస్తులో చివర ఒక గది ఉంది. కిటికీ కింద కాలవ కూడా ఉంది. కానీ ఆ గదికి తాళం వేసి ఉంది. మీరెక్కడ?'

అది రెండుసార్లు చదివాను. నేను రాసింది బాపట్ల గది గురించి. అంత పెద్ద దేశంలో మూడంతస్తుల హాస్టళ్లు ఎన్నుండవు, కాలవలు ఎన్నుండవు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇలాంటి వాటికి ఆఫీసులో సిద్ధంగా ఉండే జవాబు పంపాం. పరిశోధన పని మీద వేరే ఊళ్లో ఉన్నాను, త్వరలో వస్తాను. ఆ త్వరలో నాలుగు నెలలు సాగింది. ఆ పిల్లకు క్లాసులో స్నేహితులు కుదరలేదు. తల్లికి ఫోన్ చేయడం మానేసింది. ప్రతి ఉత్తరం చివరా ఎప్పుడు వస్తారని అడిగేది. నేను జవాబు రాసే ముందు టీ తాగేదాన్ని, రాశాక ఇంకో టీ తాగేదాన్ని.

జనవరిలో వాళ్లకు కొత్త సంవత్సరం సెలవులు వచ్చాయి. అక్కడి పిల్లలంతా ఇళ్లకు వెళ్లిపోయారు. హాస్టల్లో ఈ పిల్ల దాదాపు ఒక్కతే మిగిలింది. బయట మోకాలిలోతు మంచని రాసింది. ఆ తర్వాత వారం రోజులు ఏమీ రాయలేదు. సోమవారం పొద్దున కంప్యూటరు తెరిచేసరికి చిన్న ఉత్తరం ఉంది.

'నిన్న మీరు వచ్చినందుకు చాలా సంతోషం. ఇంత ఆలస్యం చేసినా కోపం రాలేదు.'

మేం ఎనిమిది మందిమీ దాని చుట్టూ చేరాం. వస్తున్నానని ఎవరు రాశారని టీమ్ లీడరు అడిగాడు. ఎవరూ రాయలేదు. పంపిన ఉత్తరాలన్నీ వెతికాడు, లేదు.

"ఎవరో పక్క గది పిల్ల ఏడిపిస్తున్నట్టుందండి. ఈ పిల్ల చెప్పుకున్న కబుర్లు విని నేనే ఆ సీనియర్‌నని చెప్పుకుని ఉంటది" అంది కొల్లిపర అమ్మాయి.

"ఎవరైతే ఏంటండి, మన బాధ తీరింది. ఇంక వాళ్లూ వాళ్లూ చూసుకుంటారు" అన్నాడు టీమ్ లీడరు.

తీరలేదు. ఆ రోజు నుంచి ఆ పిల్ల రోజూ రాయడం మొదలుపెట్టింది. నిన్న మీరు కాలు మడుచుకుని కుర్చీలో కూర్చుని కథ చెప్పారు, కథకంటే ముందు నవ్వేశారు అని రాసేది. గదంతా వేరుశెనగ తొక్కలే అని రాసేది. అవన్నీ మా ఉత్తరాల్లో ఉన్నవే కదా, ఒంటరిగా ఉండి ఊహించుకుంటోందని మేం సర్దిచెప్పుకున్నాం. నాకు ఒక అనుమానం మాత్రం వదల్లేదు. ఎదురుగా కూర్చున్న మనిషికి ఉత్తరాలు రాయడమేమిటి? ఉండబట్టలేక అదే అడుగుతూ జవాబు రాశాను. మనం రోజూ కలుస్తున్నాం కదా, మళ్లీ ఈ ఉత్తరాలెందుకు చెల్లీ?

మర్నాడు జవాబు వచ్చింది.

'మీరే కదా రోజూ ఒక ఉత్తరం రాయమన్నది. రాయకపోతే ఎంత బాధగా ఉంటుందో చెప్పారు కదా. మరిచిపోకుండా నా స్కార్ఫు చివర ముడి కూడా వేశారు. చాలా గట్టిగా వేశారు, విప్పుదామన్నా రావడం లేదు.'

చదివి కుర్చీలోంచి లేచాను, మళ్లీ కూర్చున్నాను. కిటికీ బయట బోసు రోడ్డులో పాల వ్యాన్లు తిరుగుతున్నాయి. కింద బట్టల కొట్టు షట్టరు ఇంకా ఎత్తలేదు. నేను ఆ పిల్లకు రాసిన ఉత్తరాలన్నీ ఒకటొకటిగా తీసి చదివాను. మిగతావాళ్లు రాసినవీ చదివాను. జాతకం తీసి చదివాను. ముడి అన్న మాట ఎక్కడా లేదు. ఉండదని నాకు ముందే తెలుసు.

"ఏంటి మేడమ్, అలా అయిపోయారు?" అంది కొల్లిపర అమ్మాయి.

"ఏం లేదమ్మా. బీపీ" అన్నాను.

ఇంటికి వెళ్లి పెట్టె జోలికి వెళ్లలేదు. పెట్టె ఉన్న గదిలోకే వెళ్లలేదు. మగ్రిబ్ నమాజు చేసుకుని, లైటు వేసుకుని హాల్లో పడుకున్నాను. మా ఆయన నవ్వాడు గానీ లైటు ఆర్పలేదు.

మూడో రోజు పొద్దున వచ్చిన ఉత్తరంలో సగం అక్షరాలు తప్పులు పోయాయి. 'నాలుగు రోజులుగా మంచం దిగలేదు. ఏం తిన్నా నిలవడం లేదు. నా కళ్లు పచ్చగా ఉన్నాయని మీరే అన్నారు. డాక్టరు వద్దులెండి, మీరున్నారు కదా. మీరేమిటి, రోజూ ఈ వేళకి కిటికీ దగ్గర కూర్చుని కాలవ పక్క దారి వైపు చూస్తారు? ఎవరి కోసం?'

నేను టీమ్ లీడరు దగ్గరకు వెళ్లాను. అక్కడి విశ్వవిద్యాలయంలో విదేశీ పిల్లల బాగోగులు చూసే కోఆర్డినేటరు ఫోన్ నంబరు మా దగ్గర ఉండేది. వెంటనే ఫోన్ చెయ్యమన్నాను. అతను ఉత్తరం చదివాడు. మొహం పాలిపోయింది. అయినా ఫోన్ తీయలేదు.

"ఏం చెప్తామండి మేడమ్? లేని మనిషి పేరుతో మేం ఉత్తరాలు రాశాం, ఆ లేని మనిషి మీ హాస్టల్లో తిరుగుతోంది అని చెప్తామా? ఈ పని పోద్ది. ఎనిమిది మందిమీ ఇంటికెళ్తాం. ఒకటి రెండు రోజులు చూద్దామండి. జొరమే కదా."

"నేనూ అప్పుడు అలాగే అనుకున్నాను నాయనా. ఒకటి రెండు రోజులు చూద్దాం, రేపు రాద్దాం అని."

అంతే, ఆగలేకపోయాను. నలభై ఏళ్లు ఎవరికీ చెప్పనిదంతా ఆ పనిచేయని ఏసీ కింద నిలబడి చెప్పేశాను. హాస్టలు, కామెర్లు, రేపల్లె బస్సు, ఆకుపచ్చ ఓణీ, అరుగు మీద కూర్చోబెట్టడం. చెబుతుంటే ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే చెప్పాను. టీమ్ లీడరు తల దించుకున్నాడు. కొల్లిపర అమ్మాయి లేచి, అతని బల్ల మీద ఫోన్ తీసి నంబరు నొక్కి నా చేతికిచ్చింది.

"మాట్లాడండి మేడమ్. పని పోతే కొల్లిపరలో గేదెలున్నాయి నాకు" అంది.

కోఆర్డినేటరు ఒకావిడ. సెలవుల్లో ఇంట్లో ఉంది. ఇంగ్లీషు ఆగి ఆగి మాట్లాడింది గానీ, మాట అర్థం కాగానే ఇంకేం అడగలేదు. ఇప్పుడే వెళుతున్నాను, గంటలో ఫోన్ చేస్తాను అని పెట్టేసింది.

ఆ గంటలో నేను కూర్చుని ఆ పిల్లకు ఉత్తరం రాశాను. నాకు అరవై ఏళ్లని రాశాను. తెనాలి అనే ఊళ్లో ఉంటాననీ, చైనా ఎప్పుడూ చూడలేదనీ, అమెరికా కూడా చూడలేదనీ రాశాను. నీకు ఇన్నాళ్లూ రాసిన సీనియర్ లేదు, నేనే అబద్ధం రాశాను, నీ దగ్గరకు వచ్చేవాళ్లను నమ్మి వెళ్లు, డాక్టరు దగ్గరకు వెళ్లు, మీ అమ్మకు ఫోన్ చెయ్యి అని రాశాను. ఇరవై ఎనిమిదేళ్లు ఇంగ్లీషు చెప్పినదాన్ని, ఆ ఉత్తరంలో ఒక్క వాక్యం కూడా తిన్నగా రాలేదు. పంపేశాను. టీమ్ లీడరు చూస్తూనే ఉన్నాడు, ఆపలేదు.

ఫోన్ మోగింది.

"దొరికింది. అంబులెన్సు వచ్చింది. చాలా నీరసంగా ఉంది, కళ్లు పచ్చగా ఉన్నాయి. ఇంకో రోజు ఆగితే కష్టమయ్యేదంటున్నారు" అంది ఆవిడ.

నేను ఫోన్ స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచాను. ఆవిడ ఇంకా మాట్లాడుతోంది.

"మూడో అంతస్తులో చివరి గదిలో ఉంది. అది ఆమె గది కాదు, తాళం ఎవరు తీశారో తెలియదు. కానీ ఒంటరిగా లేదులెండి. బల్ల మీద రెండు కప్పుల్లో వేడినీళ్లున్నాయి, ఇంకా ఆవిరి వస్తోంది. కిటికీ దగ్గర కుర్చీ లాగి ఉంది. నేల మీద వేరుశెనగ తొక్కలున్నాయి. తోడున్న అమ్మాయి ఇప్పుడే కిందికి వెళ్లినట్టుంది. ఆసుపత్రి ఫారంలో తోడున్నవాళ్ల పేరు రాయాలి. మీకు తెలుసా?"

ఎనిమిది మందిమీ విన్నాం. అందరూ నా వైపు చూశారు. జాతకంలోని అమెరికా పేరు చెబుతాననుకుని ఉంటారు. నేను అసలు పేరు చెప్పాను. నలభై ఏళ్ల తర్వాత ఆ పేరు నా నోట వచ్చింది. ఆవిడ ఒక్కొక్క అక్షరం అడిగి రాసుకుంది. నేను తొందర లేకుండా చెప్పాను.

ఆ పిల్ల బతికింది. తల్లి వెళ్లి ఇంటికి తీసుకెళ్లిందని కోఆర్డినేటరు తర్వాత చెప్పింది. మా పని రెండు నెలలకే పోయింది. చివరి రోజు టీమ్ లీడరు నన్ను మెట్ల దాకా దింపాడు. "మంచి పని చేశారు మేడమ్. కానీ ఇంకెక్కడైనా చేరితే జాతకం మాత్రం రాయకండి" అన్నాడు. ఇప్పుడు అతను గుంటూరులో ఏదో బ్యాంకు తరఫున ఫోన్లు చేసే పనిలో ఉన్నాడు. నేను ఇంకెక్కడా చేరలేదు. అదే నా పదవీ విరమణ. దండల్లేవు, శాలువాల్లేవు.

పిల్లలూ, ఇలాంటి పనుల్లో చేరవద్దని చెప్పడానికి నేనెవర్ని? ఇల్లు గడవాలి కదా. ఒక్క మాట చెబుతాను. ఎవరి పేరుతో ఏం రాసినా, పోయినవాళ్ల నవ్వు అరువు తెచ్చి రాయకండి. అవతల చదివే మనిషి నిజం మనిషి. మీరు ఉత్తరంలో ఉన్నానని రాస్తే ఆ మనిషి వచ్చి వెతుక్కుంటుంది. ఆ వెతుకులాటలో ఎవరు ఎదురవుతారో మన చేతిలో ఉండదు.

ఆ రోజు ఉత్తరం కింద రాసిన నా సొంత ఈమెయిలుకు వేసవిలో ఆ పిల్ల దగ్గర నుంచి చివరి ఉత్తరం వచ్చింది. బాగా తిట్టింది. ఆ తిట్లు నాకు న్యాయంగానే రావాలి. క్షమించడానికి టైము పడుతుందని రాసింది. అడుగున ఇంకొన్ని వాక్యాలున్నాయి.

'ఆవిడ లేదని మీరు రాశారు. సరే, మీరే చెప్పాలి. నన్ను అంబులెన్సులోకి తీసుకెళ్లే ముందు ఆవిడ నా స్కార్ఫు ముడి విప్పేసింది. నువ్వు రాశావు కదా, ఇంక అక్కర్లేదు అంది. ఆ ఉత్తరాలు రాసే ఆవిడని అడుగు, ఆకుపచ్చదాని ముడి ఎప్పుడు విప్పుతుందో అంది. ఆకుపచ్చది అంటే ఏమిటి?'

ఆ మధ్యాహ్నం పెట్టె తీశాను. ఓణీ అడుగునే ఉంది. మడతల్లో రంగు వెలిసింది, ముడి మాత్రం రాయిలా ఉంది. విప్పబోయి ఆగాను. రాసిన రోజే విప్పమంది కదా. ఓణీ మంచం మీద పెట్టి, హెడ్ పోస్టాఫీసుకు వెళ్లి ఇన్‌లాండ్ కవరు అడిగి తెచ్చుకున్నాను. మూడు వైపులా నిండేదాకా రాశాను. పరీక్షలని రాశాను, బద్ధకమని రాశాను, సిగ్గని రాశాను. ఒక పిల్లను బతికించావే అని రాశాను. ఆమె పేరు, నగరం పక్కన ఆ ఊరి పేరు రాసి డబ్బాలో వేశాను. ఇంటికి వచ్చి ముడి మీద వేలు పెట్టగానే జారిపోయింది. లోపల గుడ్డ కొత్త ఆకుపచ్చగా ఉంది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. రేపల్లెలో ఉంటున్న వాళ్ల అన్నయ్యను వెతికి పట్టుకుని అడిగాను. ఎప్పుడో పడగొట్టి రొయ్యల మేత గోడౌను కట్టారట. తీసుకునేవాళ్లు లేని ఉత్తరం పంపినవాళ్లకు తిరిగి రావాలి. నా చిరునామా కవరు వెనక అచ్చులా రాశాను. ఏడాది దాటింది. మొన్న మా వీధి పోస్టాయన సైకిలు దిగితే మళ్లీ అడిగాను.

"ఆ ఉత్తరం ఏమన్నా వెనక్కి వచ్చిందా బాబూ?"

"లేదమ్మా. ఇన్నాళ్లయినా రాలేదంటే అందినట్టేనండి" అన్నాడు.